మూడు బస్తాల మనిషి

మార్చి నెల. ఏనుమాముల యార్డు నిండా మిర్చి ఘాటు.
రాత్రి పదకొండు దాటాక కాంటా ఆగిపోయింది.
విరగలేదు, కరెంటు పోలేదు,
తెర మీద అంకె అట్లాగే వెలుగుతోంది.
కాంటా ఎక్కిన లారీ తక్‌పట్టీ మిషను కోసం చూస్తోంది.
మిషను పట్టుకున్న ట్రాక్టరు కాంటా కోసం చూస్తోంది.
కొట్లాట కాదు.
ఇద్దరూ మర్యాదస్తులే,
"నువ్వు వదిలినాక నేను" అంటూ
తెల్లారేదాకా నిలబడగల మర్యాద.
ములుగు రోడ్డు దాకా బండ్ల వరుస.

ఆ మర్యాద రాసింది నేనే,
రెండు పనులు ఒకేసారి నడిచే ప్రోగ్రాములో,
మూడో చాయ్ తర్వాత, చేత్తో.

మెరాజ్ నవ్వలేదు.
"ఈసారి కోడ్ రాయకు, బొమ్మ గీయి" అంది.

టార్పాలిన్ మీద సుద్దతో గుండ్రాలు.
గుండ్రం అంటే ఉన్న స్థితి, అడ్డగీత అంటే జరిగే పని.
గుండ్రంలో గింజ ఉంటేనే గీత దాటేది.
గింజలకేం కొదవ,
కాలు పెట్టిన చోటల్లా మిర్చి గింజలే.
కాంటా ఖాళీ: ఒక గింజ.
మిషను ఖాళీ: ఒక గింజ.
రెండూ ఉంటే రెండూ తీసుకో,
లేదంటే దేన్నీ ముట్టకు.

బొమ్మను లాప్‌టాప్‌కి అప్పజెప్పాం.
అది ఓపిగ్గా ప్రతి దారీ నడిచి చూసింది,
ముందు లారీ పోతే, ముందు ట్రాక్టరు పోతే,
ఇద్దరూ ఒక్క రెప్పపాటులో వచ్చి పడితే.
రెండు వేల మూడు వందల పన్నెండు స్థితులు.
ఒక్కదాంట్లోనూ ఇరుక్కోలేదు.
ఆ బొమ్మలోంచే కోడ్ దిగింది.

అందులో నా చేతిరాత లేదు.
నేను పెట్టుకునే ముద్దుపేర్లు లేవు,
"ఇదెందుకు పనిచేస్తుందో దేవుడికే ఎరుక" అని
పక్కన రాసుకునే నా మాట లేదు.
ఏ పంక్తిని అడిగినా
తను ఏ గీతకు పుట్టిందో చెబుతుంది.
కొంచెం బాధేసింది. నిజం.

దడువాయి ఓదెలు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.
ముప్పై ఏండ్లు తూకం చూసిన కండ్లు గింజల మీద ఆనించి,
"గీ సేట్ల లారీలు ఒకదాని ఎనుక ఒకటి వస్తనే ఉంటయి గదా?"
వస్తాయి.
"మరి రేగొండ నుంచి మూడు బస్తాలు తెచ్చినోడు?"
అతనికీ ఎప్పుడో ఒకప్పుడు వంతు వస్తుంది.
"ఎవలు చెప్పిండ్రు?"

ఎవరూ చెప్పలేదు.
యంత్రాన్ని మేం అడిగింది ఒక్కటే: అందరూ ఇరుక్కుంటారా అని.
ఒక్కడు మిగిలిపోతాడా అని అడగలేదు.
అన్నీ నడుస్తుంటాయి, ఎక్కడా ఏదీ ఆగదు,
ఒక్కడికి మాత్రం వంతు రాదు.
కాలేజీలో దీని పేరు చదువుకున్నాను.
ఆకలి.
రెండు మార్కుల ప్రశ్న.
నిర్వచనం రాసి, స్కేలుతో కింద గీత గీసి,
రెండుకు రెండూ తెచ్చుకున్నాను.

ఓదెలు సుద్దముక్క అందుకున్నాడు.
వంకర గుండ్రం ఒకటి గీసి మూడు గింజలు పోశాడు.
"మూడు లారీలు పోంగనే ఒక చిన్నబండి.
మేము గట్లనే నడిపినం. కాయితం మీద లేకుండె, గంతే."

మళ్లీ అడిగాం, ఈసారి రెండు ప్రశ్నలూ.
స్థితులు తొమ్మిది వేలు దాటాయి.
ఫ్యాను అరిచి అరిచి, చివరికి ఒప్పుకుంది.
కోడ్ మీద ఎవరం చెయ్యి పెట్టలేదు.
బొమ్మలో వంకర గుండ్రం చేరింది,
కోడ్ తనే మారి వచ్చింది.

నాలుగున్నరకు, కిరాయి ఆటోలో,
మూడు బస్తాల మనిషి కాంటా ఎక్కాడు.
నూట పద్దెనిమిది కిలోల చపాటా.
తక్‌పట్టీ నాలుగు మడతలు పెట్టి
బనీను జేబులో వేసుకున్నాడు.
ఎవరి వైపూ చూడలేదు.
ఎందుకు చూడాలి? అది అతని వంతు.

నేను నిద్రకండ్లు నులుముకున్నాను,
రాత్రంతా గింజలు జరిపిన వేళ్లతో.
"నీళ్లు కొట్టు బిడ్డా, నీళ్లు!" ఓదెలు అరుస్తున్నాడు.
కొళాయి ఎటుందో కనబడదు.
మెరాజ్ అప్పుడు నవ్వింది.